ఇంజిన్ తర్వాత, మొదట వెనక చక్రం చూడు

అల్లుడూ,

సైకిల్‌కు ఇంజిన్ పెడతావట. రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నువ్వే చెడగొట్టినవ్ అన్నా వాణ్ణి" అని మొదలుపెట్టి, చివరికి "ఏదో మంచిది చూసి ఇప్పియ్యి" అని పెట్టేసింది. నాకు నిద్ర పట్టలేదు. టెన్షన్ ఒకవైపు. ఇంకోవైపు, హన్మకొండలో ముప్పై ఏళ్లు లూనాలు, టీవీఎస్ ఫిఫ్టీలు విప్పినవాణ్ణి, ఇంట్లో ఇంకొకడికి గ్రీజు పిచ్చి పట్టిందంటే సంతోషం ఉండదా?

ముందు చట్టం మాట. నాలుగు చక్రాల కన్నా తక్కువున్న బండికి ఇంజిన్ 25 సీసీ దాటకపోతే చట్టం దాన్ని మోటారు వాహనంగా లెక్కపెట్టదు. దాటితే రిజిస్ట్రేషన్, లైసెన్స్, ఇన్సూరెన్స్ అన్నీ కావాలి. నువ్వు ఫొటో పంపిన కిట్ మీద 80 సీసీ అని ఉంది. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు 47 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం 38 అని కింద వాళ్లే రాసుకున్నారు. లెక్క కట్టి చూడు, 66 దగ్గరే ఆగుతుంది. ఏదైనా 25 దాటిందే కాబట్టి దాన్ని మీ మామిడితోట బాటలో నడుపుకో. పరకాల రోడ్డెక్కావని తెలిస్తే నేనే వచ్చి ప్లగ్గు పీక్కుపోతా.

టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా అని అడిగావు. ఫోర్ స్ట్రోక్ చప్పుడు తక్కువ, పెట్రోల్‌లో ఆయిల్ కలిపే పని లేదు. నీ మతిమరుపు చూస్తే అదే కొనమనాలి. కానీ మొదటిది టూ స్ట్రోకే తీసుకో. వాల్వులు లేవు, క్యామ్ లేదు, ఒక ఆదివారం విప్పి బిగిస్తే మొత్తం తలకెక్కుతుంది. ఆయిల్ ఎంత కలపాలో కిట్‌తో వచ్చే కాగితంలో ఉంటుంది. 25కు 1 అంటే లీటరు పెట్రోల్‌కు 40 మిల్లీలీటర్లు. కొత్తలో ఇంకాస్త ఎక్కువ చెప్తారు. కలపడం మర్చిపోతే పిస్టన్ పట్టేస్తుంది, ఇక ఏడ్చినా లాభం లేదు. డబ్బులు కట్టే ముందు ఒక్కటి అడుగు: రింగులు, గ్యాస్కెట్లు, క్లచ్ ప్యాడ్లు విడిగా అమ్ముతారా? నీళ్లు నమిలితే ఎంత చవకైనా వదిలెయ్.

ఇక అసలు సంగతి. మీ అమ్మ గదవ మీద మచ్చ ఉంది కదా, చిన్నప్పుడు బావి గట్టు మీద పడ్డానని నీకు చెప్పింది. బావీ లేదు, గట్టూ లేదు. అది నా పని.

1988లో ఒక పాత మోపెడ్ ఇంజిన్ దొరికితే మా నాయన సైకిల్‌కు బిగించాను. ఇంజిన్ చైన్ ఎడమవైపు. వెనక స్ప్రాకెట్‌ను, అంటే చైన్ పట్టే పళ్లచక్రాన్ని, రబ్బరు ముక్కల మధ్య నొక్కి స్పోకులకే కట్టాను, ఇప్పటి కిట్లలోనూ చాలావాటికి అదే పద్ధతి. చైన్ వదులైతే లాగి పెట్టడానికి ఫ్రేమ్ రాడ్డుకు ఒక రోలరు, దానికి క్లాంపు. సద్దుల బతుకమ్మ రోజు పొద్దున చూస్తే క్లాంపు కింద రంగు లేచి, గోరంత మేర ఇనుము తళతళమంటోంది. అంటే క్లాంపు తిరుగుతోందన్నమాట. నాకు అర్థమైంది కూడా. రాత్రి బిగిద్దాంలే అనుకుని, చెల్లెను వెనక కూర్చోబెట్టుకుని తంగేడు పూలకు హసన్‌పర్తి వైపు పోయాను.

తిరుగు దారిలో టక్‌మని ఒకటే చప్పుడు. రోలరు స్పోకుల్లోకి పోయింది, చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోయింది. నేను హ్యాండిల్ పట్టుకుని ఉన్నాను కాబట్టి మోకాలు గీసుకుపోయింది, అంతే. చెల్లె ఒళ్లో పూల మూట. పూలు పట్టుకుందే గానీ నన్ను పట్టుకోలేదు. గదవకు నాలుగు కుట్లు. రోడ్డంతా పసుపుపచ్చ పూలు, వాటి మీద రక్తం. అంత నొప్పిలోనూ "నాయనకు చెప్పకన్నా" అంది పిచ్చిది. సాయంత్రం కట్టుతోనే బతుకమ్మ ఆడింది.

అందుకే చెప్తున్నా, స్ప్రాకెట్‌ను వెనక చక్రం మధ్యనున్న హబ్బుకు పట్టించే అడాప్టర్ వేరే కొను, స్పోకులకు కట్టకు. ఇంజిన్ స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ ఒకే వరసలో ఉండేలా దారం పట్టి చూసుకో. చైన్ కొలతకు సరిగ్గా తెంపితే రోలరు అవసరమే రాకపోవచ్చు. తప్పదంటే, క్లాంపు తిరగకుండా ఇంకో బోల్టు ఆపుగా పెట్టు. రంగు లేచిన చోటు కనిపిస్తే బండి ఆ నిమిషమే ఆపాలి.

తాత పాత సైకిల్‌కే పెడతా అన్నావట, వద్దు. దాని రాడ్డు బ్రేకులు స్టీలు రిమ్ము మీద తడిస్తే జారతాయి. ముందు చక్రానికి డిస్క్ బ్రేకున్న ఇనుప ఫ్రేమ్ చూడు. డబ్బులు తక్కువైతే సిగ్గుపడకుండా అడుగు.

బాక్సు వచ్చాక విప్పకు. ఆదివారం పొద్దున బస్సుకు వస్తా. స్పానర్లు నేను తెస్తా, నీ దగ్గర గ్రీజు ఉందో లేదో ఇప్పుడే చూసి చెప్పు. క్యారియర్ మాత్రం పీకి పక్కన పెట్టు, ఆ బండి మీద నీ వెనక ఎవ్వరూ కూర్చోకూడదు. మచ్చ సంగతి నేను చెప్పానని మీ అమ్మతో అనకు.

మీ మామ