పాపను చూపించడం లేదని మనోవర్తి ఆపకండి

విడాకులై రెండేళ్లయింది, పాపను చూడనివ్వడం లేదు, నెలనెలా ఇచ్చే మనోవర్తి ఆపేస్తే ఏమవుతుంది అని అడిగారు. సరిగ్గా అదే పని నేను చేశానండి. దయచేసి ఆపకండి.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రెండెకరాల చెరువు లీజుకు తీసుకుని వెనామీ రొయ్య వేస్తాను. విడిపోయాక నా భార్య చించినాడ వంతెన దాటి కోనసీమలో పుట్టింటికి వెళ్లిపోయింది. కేసు కూడా అక్కడే వేసింది. భార్య ఉంటున్న చోట వేసే హక్కు చట్టంలోనే ఉంది. మా బాబుకు నెలకు 6,000 ఇవ్వమని ఆర్డరు వచ్చింది. ఆ ఏడాది సంక్రాంతికి బాబును పంపమని కబురు పెడితే కుదరదన్నారు. మా అమ్మ అరిసెలు వండి, భోగి రోజు పొద్దుపోయే దాకా వీధి అరుగు మీదే కూర్చుంది. ఆ కోపంలో డబ్బు ఆపేశాను. తర్వాత చెరువుకు తెల్లమచ్చ రోగం తగిలి రొయ్య పంట పోయింది. ఇక ఇద్దామన్నా చేతిలో లేదు.

ఎనిమిది నెలలకు బకాయి 48,000 అయింది. నోటీసు వస్తే భయపడి వాయిదాకు వెళ్లలేదు. మళ్లీ రొయ్య పిల్ల వదలడానికి చెరువు సిద్ధం చేస్తుంటే, పొద్దున్నే వారెంట్ తీసుకుని కానిస్టేబుళ్లు గట్టు మీదకు వచ్చారు. పనివాళ్లందరూ చూస్తుండగా వాళ్ల వెంట వెళ్లాను. మా అమ్మ గాజులు తాకట్టు పెట్టి సాయంత్రానికి మొత్తం కడితే బయటపడ్డాను. ఆ గాజులు విడిపించడానికి రెండు పంటలు పట్టింది.

నాది పాత సీఆర్పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125 సెక్షన్ కింద మనోవర్తి కేసు. 2024 జూలై 1 నుంచి అది, ఆ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది, పద్ధతి అదే. బకాయి వసూలుకు వారెంట్ ఇస్తారు, అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల రోజుల దాకా జైలు. జైలుకెళ్లి వస్తే బాకీ చెల్లిపోతుందని మా వైపు చాలామంది అనుకుంటారు. చెల్లదు. సుప్రీంకోర్టు 1988లోనే ఈ సంగతి తేల్చింది. జైలు కట్టించడానికే గానీ, కట్టినట్టు కాదు.

విడాకులప్పుడు ఆవిడ ఏమీ అక్కర్లేదని సంతకం పెట్టిందని కూడా రాశారు. అది మహా అయితే ఆవిడ వరకే. పాపకు రావాల్సినది తల్లి వదులుకుంటే పోదు.

మా ప్లీడరు గారు ఆ రోజు ఒక మాటన్నారు. "బాబును చూడ్డానికి ఒక పిటిషన్, పంట పోయింది తగ్గించమని ఇంకో పిటిషన్ వేయాల్సింది. రెండూ వేయకుండా ఇంట్లో కూర్చున్నావు." నిజమే. ఆదాయం పడిపోతే తగ్గించమని అడగడానికి ఇప్పుడు ఆ కొత్త సంహితలో 146 సెక్షన్ ఉంది. లీజు కాగితాలు, మేత కొట్టు బాకీల లెక్క అన్నీ చూపించాలి. 2020లో రజ్నేష్ – నేహా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఇద్దరూ ఆస్తిపాస్తుల అఫిడవిట్ ఇవ్వాల్సిందే, అందులో ఏదీ దాచకండి. అప్పటిదాకా పడ్డ బకాయి మాత్రం కట్టాలి.

పాపను చూడడం దీనికి పూర్తిగా వేరు. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద గానీ, 1890 నాటి గార్డియన్స్ చట్టం కింద గానీ అడగొచ్చు. నేను ఆలస్యంగా వేశాను. నెలకు రెండు ఆదివారాలు ఇచ్చారు. మొదటి ఆదివారం బాబు నా దగ్గరకు రాలేదండి, వాళ్ల తాతగారి పంచె పట్టుకుని వెనకాలే నిలబడ్డాడు. ఏడాదికి పైగా నన్ను చూడలేదు మరి. ఆ పిటిషన్ మీరు ఈ వారమే వేయించండి.

ఈ నెల డబ్బు కూడా బ్యాంకు ద్వారానే వేయండి. నా భార్య అన్నయ్య చేతికి నేనిచ్చిన రెండు నెలల డబ్బుకు రుజువు లేక, మళ్లీ కట్టాను.