ఓవరాల్ ర్యాంకు చూడాలా, డిపార్ట్‌మెంట్ ర్యాంకు చూడాలా?

గుంటూరు నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయికి అమెరికాలో ఎంఎస్ కంప్యూటర్ సైన్స్‌కి రెండు అడ్మిట్లు వచ్చాయి. ఒకటి యూఎస్ న్యూస్ సంస్థ ఇచ్చే ర్యాంకుల ఓవరాల్ లిస్టులో 50 లోపు ఉంది, కానీ సీఎస్‌లో 90 దాటింది. రెండోది ఓవరాల్‌గా 100 పైనే, సీఎస్‌లో మాత్రం 40 లోపు. కన్సల్టెన్సీ వాళ్లు మొదటిదే మంచిదంటున్నారు. అమ్మాయికి డేటాబేస్‌లంటే ఇష్టం. ఏది తీసుకోమంటారు?"

నేనైతే రెండోదాని వైపే మొగ్గుతానండీ. ఆ ఓవరాల్ లిస్టు అసలు మీ అమ్మాయి కోసం తయారైంది కాదు. అది మన బీటెక్ లాంటి నాలుగేళ్ల డిగ్రీలో చేరే పిల్లల కోసం, అందుకే ఎంతమంది టైముకి డిగ్రీ పూర్తి చేస్తున్నారు లాంటివి అందులో లెక్కకొస్తాయి. ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్ యూనివర్సిటీనే చూడండి, ఓవరాల్‌గా ముప్పైల్లోనో నలభైల్లోనో ఉంటుంది, సీఎస్‌లో మాత్రం దేశంలో మొదటి ఐదారింటిలో ఒకటి. 1993లో తొలితరం వెబ్ బ్రౌజర్ మొజాయిక్ పుట్టింది ఆ క్యాంపస్‌లోనే.

అలాగని డిపార్ట్‌మెంట్ ర్యాంకుని కూడా కళ్లు మూసుకుని నమ్మొద్దు. యూఎస్ న్యూస్ సీఎస్ ర్యాంకు పూర్తిగా సర్వే మీదే నడుస్తుంది: వేరే యూనివర్సిటీల ప్రొఫెసర్లు 5కి ఇన్ని అని మార్కులేస్తారు, అదీ పీహెచ్‌డీని దృష్టిలో పెట్టుకుని. అంటే అది పేరు ప్రతిష్ఠల లెక్క, క్లాసులో పాఠం ఎలా చెప్తారో దానికి తెలియదు. సీఎస్‌ర్యాంకింగ్స్ అనే ఉచిత సైటు ఇంకోటుంది, అది పెద్ద కాన్ఫరెన్సుల్లో వచ్చిన పేపర్లను లెక్కేస్తుంది. అందులో మిగతావన్నీ తీసేసి డేటాబేస్‌లు ఒక్కటే టిక్ చేసి చూడమనండి, వరుస ఎంత మారిపోతుందో మీకే కనిపిస్తుంది. యూనివర్సిటీ పేరు నొక్కితే ప్రొఫెసర్ల పేర్లు వస్తాయి. ఒక్కరే ఉంటే నాకు భయం, ఆయన వేరే చోటికి వెళ్లిపోతే అక్కడ ఆ సబ్జెక్టే ఉండదు.

ఇక అసలు పని. కోర్సుల కేటలాగ్ కాదు, ఈ సెమిస్టర్ క్లాస్ షెడ్యూల్ తెరవండి. ఒకసారి ఒక అబ్బాయితో కూర్చుని చూస్తే, కేటలాగ్‌లో ఊరించిన డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేస్‌ల కోర్సు గత నాలుగు సెమిస్టర్ల షెడ్యూల్‌లో ఎక్కడా లేదు, వాడు ఆ యూనివర్సిటీకి అప్లై చేసిందే ఆ కోర్సు చూసి! ఉన్న కోర్సులకైనా ఎన్ని సీట్లు, వెయిట్‌లిస్టులో ఎంతమంది అన్నది చాలా చోట్ల షెడ్యూల్‌లోనే కనిపిస్తుంది, ఎంఎస్ పిల్లలు వందల్లో ఉన్నచోట కావాల్సిన కోర్సు దొరక్క ఏదో ఒకటి తీసుకుని సరిపెట్టుకోవాల్సి వస్తుంది, అంత ఫీజు కట్టి.

డిపాజిట్ కట్టకముందే రెండు యూనివర్సిటీల షెడ్యూళ్లూ అమ్మాయి చేతే తీయించండి, తను చదవాలనుకుంటున్న నాలుగు కోర్సులు గత రెండేళ్లలో ఎన్నిసార్లు నడిచాయో రాసి నాకు పంపమనండి. రెండోదాంట్లో అవి లేవంటే నేను చెప్పింది మార్చుకుంటాను.