పౌరసత్వం ఫీజు సరే, కోనసీమ పొలం సంగతేంటి?

ప్రశ్న: 2021లో పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద కెనడా వచ్చాం. బ్రాంప్టన్‌లో ఉంటున్నాం. నేను, నా భార్య, ఎనిమిదేళ్ల బాబు. ముగ్గురికీ పౌరసత్వం దరఖాస్తు చేయడానికి ఒక కన్సల్టెంట్ 2,500 డాలర్లు అడుగుతున్నాడు. మా దగ్గరున్నది 18 వేల డాలర్లు. అమలాపురం దగ్గర నా పేరున రెండెకరాలుంది, ఇక్కడికి రాకముందు కొన్నదే. కౌలు ఏడాదికి 90 వేలు నా పాత సేవింగ్స్ ఖాతాలో పడుతుంది. పక్క ఎకరం అమ్మకానికొచ్చింది. పాస్‌పోర్టు మారకముందే నా పేరున కొనెయ్యమంటున్నారు నాన్న. ఎప్పటికైనా ఊరెళ్లి వ్యవసాయం చేయాలని నా కోరిక. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ఎకరం సంగతి. మీ పేరున కొనడానికి ఇప్పటికే వీల్లేదండీ. ఫెమా (విదేశీ మారక ద్రవ్య నిర్వహణ) చట్టం చూసేది మీ పాస్‌పోర్టు కాదు, మీరు ఎక్కడ నివాసం ఉంటున్నారన్నది. ఎన్నారైలు ఇల్లు, ఫ్లాటు, ఇళ్ల స్థలం కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు, ఎవరైనా బహుమతిగా ఇచ్చినా పుచ్చుకోకూడదు. ఆధార్ చూపిస్తే రిజిస్ట్రార్ ఆఫీసులో ఎవరూ అడగరని ఊళ్లో అంటారు. ఆ రోజు అడగకపోవచ్చు. ఎప్పుడైనా బయటపడితే జరిమానా లావాదేవీ విలువకు మూడు రెట్ల దాకా వెళ్లొచ్చు. నాన్నగారికి అంత మనసుంటే తన సొమ్ముతో తన పేరునే కొనమనండి. రేపు వారసత్వంగా మీకొస్తే ఏ అభ్యంతరమూ లేదు, అప్పటికి మీరు ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు ఉన్నవారు) అయినా సరే. ఇండియాలో ఉండగా కొన్న రెండెకరాలకు ఢోకా లేదు. అమ్మాలనుకుంటే మాత్రం భారత్‌లో ఉండే భారతీయుడికే అమ్మాలి.

నన్ను కంగారు పెట్టింది ఇది కాదు, మీరు మామూలుగా రాసేసిన ఆ కౌలు వాక్యం. వ్యవసాయ ఆదాయానికి ఇండియాలో పన్ను లేదు కదా అని మనవాళ్లంతా దాన్ని మర్చిపోతారు. కెనడా నివాసి ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా కెనడా పన్ను రిటర్నులో చూపించాలి, కౌలుతో సహా. ఎన్ఆర్ఈ (విదేశీ సంపాదన దాచుకునే ఎన్నారై ఖాతా) డిపాజిట్ వడ్డీ, పీపీఎఫ్ వడ్డీ ఉన్నా అంతే. పైగా విదేశీ ఆస్తుల ఖరీదు మొత్తం లక్ష డాలర్లు దాటితే టీ1135 అనే ఫారం ఏటా వేయాలి. సొంతానికి వాడుకునే ఇల్లు ఇందులోకి రాదు, కౌలుకిచ్చిన పొలం వస్తుంది. ఖరీదంటే మీరు కొన్నప్పటి ధర కాదు, కెనడాలో దిగిన రోజుకు ఉన్న మార్కెట్ విలువ. ఆనాడు ఎకరం 35 లక్షలనుకుంటే రెండెకరాలు 70 లక్షలు. డాలరు 60 రూపాయల లెక్కన లక్ష డాలర్లు దాటేసింది. వచ్చిన మొదటి ఏడాదికి మినహాయింపు ఉంది. 2022 నుంచి వేయకపోతే రోజుకు 25 డాలర్ల చొప్పున, ఏడాది ఫారానికి 2,500 దాకా జరిమానా పడుతుంది. కెనడా పన్ను శాఖవాళ్లు అడగకముందే మనమే వెళ్లి చెప్పుకునే వెసులుబాటుంది. ఆ పని తెలిసిన అకౌంటెంటుకు మీ 18 వేలలో కొంత ఖర్చు పెట్టండి, దండగ కాదు. దిగిన తేదీకి పొలం విలువ మీద వాల్యుయేషన్ రిపోర్టు కూడా తెప్పించుకోండి. రేపు అమ్మితే అప్పటినుంచి పెరిగిన ధర మీదే కెనడాలో లాభం లెక్కిస్తారు కనుక ఆ కాగితం మీకే పనికొస్తుంది. పాత సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (ఎన్నారైలకు ఇండియాలో వచ్చే ఆదాయం వేసుకునే ఖాతాగా) మార్పించడం బ్యాంకులో ఒక దరఖాస్తుతో అయ్యే పని.

ఇక పౌరసత్వం. ఫీజు పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి 650 డాలర్లకు కాస్త అటూఇటూ, బాబుకి 100. దరఖాస్తు ఆన్‌లైన్‌లో మీరే చేసుకోవచ్చు. అయిదేళ్లలో 1,095 రోజులు కెనడాలో ఉన్నట్టు లెక్క తేలాలి, మూడేళ్ల పన్ను రిటర్నులు వేసి ఉండాలి. ఇంతోటి దానికి 2,500 ఎందుకు? లైసెన్సు లేనివాళ్లు ఈ పనికి డబ్బు తీసుకోవడమే నేరం, మీ కన్సల్టెంట్‌కు ఉందో లేదో అడిగి చూడండి. ఊరెళ్లొచ్చిన రోజులన్నీ తీసేసి, ఓ నెల రోజులు ఎక్కువుండేలా చూసుకుని వేయండి.

అయితే ముగ్గురూ ఒకేసారి తీసుకోవాలా? మీకు నిజంగా ఊళ్లో వ్యవసాయం చేసే ఉద్దేశముంటే మీరొక్కరు ఆగండి. ఓసీఐకి ఓటు లేదు, కొత్తగా పొలం కొనే హక్కు లేదు. తిరిగొచ్చి స్థిరపడిన భారత పౌరుడికి ఆ రెండూ ఉంటాయి. పీఆర్ నిలవడానికి అయిదేళ్లలో 730 రోజులు చాలు. మీ శ్రీమతి పౌరురాలైతే ఆవిడ వెంట విదేశంలో ఉన్న రోజులూ అందులో కలుస్తాయి, కానీ ఎవరి వెంట ఎవరు వెళ్లారని అధికారులు ప్రశ్నిస్తున్న సందర్భాలున్నాయి కాబట్టి దాని మీదే భరోసా పెట్టుకోకండి. వ్యవసాయం సెలవుల్లో వచ్చే కోరికే అయితే మాత్రం ఆగాల్సిన పనిలేదు.

శ్రీమతి, బాబు పౌరులయ్యాక భారత పాస్‌పోర్టుపై ప్రయాణం చేయకూడదు. దాన్ని సరెండర్ చేసి ఓసీఐ తీసుకోవాలి. మనిషికి 275 అమెరికా డాలర్లు, సర్వీసు చార్జీలు అదనం, వారాల తరబడి పట్టొచ్చు. సంక్రాంతికి రావాలనుకుంటే ఓసీఐ చేతికొచ్చాకే టికెట్లు కొనండి.