పవర్ వీడర్ ఎగురుతోందా? గేరు కన్నా ముందు వెనకున్న కడ్డీ చూడండి

ప్రశ్న: మాది రంగారెడ్డి జిల్లా చేవెళ్ల దగ్గర పల్లె. ఎకరం చెల్కలో (ఎర్ర ఇసుక నేల) కూరగాయలు వేస్తాం. ఈ మధ్యే 7 హెచ్‌పీ పెట్రోల్ పవర్ వీడర్ (దున్ని, కలుపు తీసే చిన్న మిషన్) కొన్నాం. చక్రాలు తీసేసి ఆ ఇరుసుకే బ్లేడ్లు బిగించే రకం. రెండో గేరులో వేస్తే బ్లేడ్లు దిగకుండా మిషన్ ఎగురుకుంటూ పోతోంది, చేతులు గుంజుకుపోతున్నాయి. ఒకటో గేరులో వేస్తే ఒక్కోసారి ఉన్నచోటే గుంత తవ్వుతోంది. మొదటి దున్నకానికి, టమాటలో కలుపుకు ఏ గేరు పెట్టాలి? ఎంత రేస్ ఇవ్వాలి?

జవాబు: మీరు చెప్పిన రెండు ఇబ్బందులకూ మూలం ఒకటే. మీ మిషన్‌కు బ్లేడ్లే చక్రాలు. నేలను తవ్వేవీ అవే, మిషన్‌ను ముందుకు లాగేవీ అవే. వెనక నుంచి ఏదీ పట్టి ఆపకపోతే తవ్వడం మాని పరుగెడతాయి. మరీ బిగించి ఆపితే ఉన్నచోటే దిగబడతాయి. అలా ఆపే పని మిషన్ వెనక నేలలో గుచ్చుకుంటూ వచ్చే ఇనుప కడ్డీది. కొన్న రోజు మెకానిక్ ఏ రంధ్రంలో పిన్ను పెట్టి ఇచ్చాడో, ఏడాది తర్వాత చూసినా చాలామంది మిషన్లలో అదే రంధ్రంలో ఉంటుంది!

కడ్డీని ఒక రంధ్రం కిందికి దించితే మిషన్ నెమ్మదిస్తుంది, బ్లేడ్లు లోతుకు దిగుతాయి. పైకి లేపితే వేగం పెరిగి పైపైనే గీకుతుంది. నడుపుతుండగా కూడా ఇది మీ చేతిలో పనే. ఎగురుతుంటే హ్యాండిల్‌ను కిందికి నొక్కండి, కడ్డీ గుచ్చుకుని పట్టు దొరుకుతుంది. గుంత తవ్వుతుంటే హ్యాండిల్‌ను కొంచెం పైకెత్తి అటూ ఇటూ కదపండి, మిషన్ కదిలిపోతుంది. ఇంత చేసినా ఎగురుతుంటే బ్లేడ్ల వైపు చూడండి. కుడివి ఎడమకు, ఎడమవి కుడికి బిగిస్తే పదును అంచు వెనక్కి తిరిగి, మట్టిని కోయకుండా కొట్టుకుంటూ పోతుంది.

ఇక నేల పదును, అంటే మట్టిలో తడి. ఎండి బిగిసిన చెల్కలో ఏ గేరు వేసినా మిషన్ ఎగురుతుంది. ముందు తడి ఇచ్చి ఆరనివ్వండి. నాలుగంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిసకండి. ముద్దై, నడుము ఎత్తు నుంచి వదిలితే పగిలిపోవాలి. పగలకుండా ముద్దగానే పడితే ఇంకో రోజు ఆగండి. అసలు ముద్దే కాకపోతే తడి చాలలేదు.

మొదటి దున్నకం ఒకటో గేరులోనే. మొదటి సాలులోనే ఆరంగుళాలు దిగాలని చూడకండి. మొదట రెండు మూడు అంగుళాలు, తర్వాత కడ్డీని దించి అడ్డంగా ఇంకోసారి నాలుగైదు అంగుళాలు. రేస్ ముప్పావు వంతు దాకా ఉండాలి. పెట్రోల్ ఆదా అవుతుందని తక్కువ రేస్‌లో గట్టి నేల దున్నేవాళ్లున్నారు. ఆ ఆదా ఇంజిన్ రిపేరుకే పోతుంది. ఈ ఇంజిన్లు గాలితో చల్లబడేవి. ఆ గాలి కొట్టే ఫ్యాను ఇంజిన్‌తోపాటే తిరుగుతుంది కాబట్టి రేస్ తగ్గితే గాలీ తగ్గుతుంది, ఇంజిన్ మీద భారం మాత్రం తగ్గదు. దున్నేటప్పుడు ఇంజిన్ శబ్దం మూలుగులా మారినా, నల్ల పొగ వచ్చినా ఇంకా రేస్ ఇవ్వకండి, లోతు తగ్గించండి.

వేగం సరిపోయిందో లేదో తెలియాలంటే చేలో 10 మీటర్లు కొలిచి రెండు పుల్లలు గుచ్చి, ఫోన్‌లో టైం పెట్టి నడపండి. మొదటి దున్నకంలో ఆ దూరానికి సుమారు 20 నుంచి 25 సెకన్లు పట్టాలి. 12 సెకన్లలోనే దాటేస్తుంటే బ్లేడ్లు నేలను సరిగా తవ్వడం లేదన్నమాట.

రెండో గేరు ఒకసారి దున్ని గుల్లబారిన నేలకు, లేత కలుపుకు. అక్కడ కూడా మట్టి పిండి అయ్యేదాకా తిప్పాలన్న మోజు వద్దు. మెత్తగా కనిపిస్తే దుక్కి బాగా కుదిరిందని మన దగ్గర ఒక లెక్క. చెల్కలో పిండి చేసిన మట్టి మీద ఒక్క గట్టి వాన పడి ఎండ కాస్తే పైన పొర బిగుసుకుంటుంది, విత్తనం మొలక పైకి రాలేదు. శనగ గింజంత, రేగుపండంత బెడ్డలు కొన్ని మిగిలితేనే మంచిది.

టమాటలో నాటిన మూడు వారాలకు, కలుపు రెండు మూడు ఆకుల మీద ఉన్నప్పుడే దింపండి. కడ్డీ పైకి, లోతు అంగుళం నుంచి రెండంగుళాలు, రేస్ సగం. మొదటి రెండు సాళ్లు ఒకటో గేరులో నడిపి చేయి కుదిరాకే రెండుకు వెళ్లండి. సాలు ఇరుకైతే రెండు పక్కలా చివరి బ్లేడ్లను సమానంగా తీసేయండి. మొక్కకు అరడుగు దూరం వదిలి, మిగిలిన కలుపు చేత్తో తీయించాలి. కొమ్మలు సాళ్లలోకి పరుచుకున్నాక మిషన్ దింపొద్దు.

మీ చేలో గరిక, తుంగ ఉంటే మాత్రం వేగం శత్రువే. వేగంగా తిరిగే బ్లేడ్లు గరిక తీగను ముక్కలు చేసి చేనంతా నాటుతాయి, ప్రతి కణుపూ చిగురిస్తుంది. తుంగ గడ్డలూ అంతే, మట్టితో కలిసి చేనంతా చెదిరిపోతాయి. అలాంటి మడిని ఎండాకాలంలో ఒకటో గేరులో, మరీ మెదపకుండా తిరగేసి, వేర్లు ఏరి ఎండలో పడేయండి.

రివర్స్ గేరు దగ్గర జాగ్రత్త. కాళ్లకు దెబ్బలు ఎక్కువగా తగిలేది అక్కడే. రేస్ పూర్తిగా తగ్గించి, బ్లేడ్లు ఆగాకే గేరు మార్చండి. వెనక గట్టుగానీ చెట్టుగానీ ఉంటే రివర్స్ వేయొద్దు, ఇంజిన్ ఆపి చేత్తో లాగండి. బ్లేడ్లకు గడ్డి చుట్టుకుంటే ఇంజిన్ ఆపి, ప్లగ్ వైరు పీకాకే చేయి పెట్టాలి. కొత్త మిషన్ కాబట్టి మొదటి 20 గంటల పని కాగానే ఇంజిన్ ఆయిల్ మార్పించండి.