సరుకుల ఖర్చు తగ్గాలంటే ప్యాకెట్‌పై ఏ ధర చూడాలి?

నెలవారీ సరుకుల ఖర్చు క్రమంగా తగ్గాలంటే, ప్యాకెట్ మొత్తం ధరను కాక గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతోందో చూసి, నెలకు ఒకటి రెండు సరుకుల చొప్పున కొనుగోలు మార్చుకుంటూ పోవాలి. కంపెనీలు తరచుగా ధర పెంచకుండా పరిమాణం తగ్గిస్తాయి కాబట్టి, అలవాటైన ప్యాకెట్ అదే ధరకు దొరుకుతున్నా నిజానికి ఖర్చు పెరుగుతూనే ఉంటుంది. ఉదాహరణకు, లీటరు పొద్దుతిరుగుడు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. అది 138 రూపాయలకు, చూపుకు అలాగే ఉండే 840 గ్రాముల ప్యాకెట్ 130 రూపాయలకు దొరుకుతున్నాయనుకుంటే, కిలోకు మొదటిది సుమారు 152, రెండోది 155 రూపాయలు పడుతుంది. అయితే పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకేనన్నది చాలామందిలో ఉన్న అపోహ. వానాకాలంలో త్వరగా పురుగు పట్టే బొంబాయి రవ్వ, శనగపిండి వంటివి అవసరానికి మించి కొంటే, పారబోసినదాని ధర కూడా తిన్నదానిపైనే పడుతుంది.