మద్రాసొచ్చిన మా అల్లుడికి, సినిమా చూడ్డం గురించి

ఒరేయ్ అల్లుడూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి గంట మాట్లాడింది, అందులో ముప్పావుగంట నీ గురించే. పెరుంగుడిలో రూమ్ దొరికిందంట, ఆఫీసుకి నడిచే పోవచ్చంట, మెస్సులో పచ్చళ్ళు లేవంట, ఇవన్నీ చెప్పి చివర్న, వీడు జీతమంతా సినిమాలకే తగలేస్తాడేమో రా, నువ్వే కాస్త చెప్పు అంది. చెప్తాలే అక్కా అన్నా. కానీ సినిమాలు తగ్గించరా అని నీకు చెప్పడానికి నాకు నోరు రాదు. 1981లో కావలి నుంచి ఈ ఊరొచ్చా, ఇప్పటికీ శుక్రవారం పొద్దున లేస్తే ఈరోజు ఏ బొమ్మ పడిందనే ముందు చూస్తా. కాబట్టి నువ్వు చూడు. ఎట్టా చూడాలో నాకు తెలిసింది రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు ఈ ఊరి సంగతులు. ఇక్కడ మన పెద్ద సినిమాలు తెలుగులోనూ పడతాయి, తమిళ డబ్బింగూ పడుద్ది, ఒక్కోసారి ఒకే కాంప్లెక్స్‌లో రెండూ నడుస్తుంటాయి. యాప్‌లో బుక్ చేసేటప్పుడు పేరు కింద భాష ఏంటో చూసి నొక్కు, తొందర్లో తమిళం షో తీసుకుని లోపల కూర్చున్నాక హీరో నోట్లోంచి వేరే గొంతు వస్తుంటే ఆ బాధ చెప్పనలవి కాదు. నీకు దగ్గరగా మాల్స్ చాలానే ఉన్నాయిలే, కానీ నెలకోసారైనా మౌంట్ రోడ్ వైపు రా. పెరుంగుడి స్టేషన్లో ఎమ్మార్టీఎస్ లోకల్ ట్రైన్ ఎక్కితే చింతాద్రిపేటలో దిగొచ్చు, అక్కణ్ణుంచి క్యాసినో థియేటర్ నడిచేంత దూరం. ఒకప్పుడు ఇంగ్లీష్ బొమ్మల హాలు అది, తర్వాత్తర్వాత మన తెలుగోళ్ళ అడ్డా అయింది. మొదటి రోజు అక్కడ గేటు దగ్గర నిలబడితే నెల్లూరు యాస, గుంటూరు యాస, చిత్తూరు యాస అన్నీ ఒక్కసారే వినపడతాయి, ఊరు గుర్తొచ్చి బెంగగా ఉన్నప్పుడు నువ్వు పోవాల్సిన చోటు అదే. సెకండ్ షో మాత్రం పెట్టుకోకు, బయటికొచ్చేసరికి ట్రైన్లుండవు, ఆటోవాళ్ళు టికెట్‌కి మూడింతలు అడుగుతారు.

డబ్బు సంగతి. తమిళనాడులో మల్టీప్లెక్స్ మామూలు సీటుకి గవర్నమెంట్ 150 అని పైపరిమితి పెట్టింది, టాక్సులన్నీ వేసుకున్నా రెండొందల దగ్గర్లోనే ఉంటది. బెంగుళూర్లో ఉన్న నీ ఫ్రెండ్స్ మొదటి రోజు అయిదొందలు ఆరొందలు పెడుతుంటే నువ్వు అదే సినిమా ఇంత తక్కువలో చూస్తున్నావంటే అది ఈ ఊరు నీకు చేసిన మేలు. 2017కి ముందయితే ఎంత పెద్ద మల్టీప్లెక్సయినా ముందు వరసల్లో పది రూపాయల టికెట్ ఉండేది, నెలాఖర్లో నేను దానికోసం లైన్లో నిలబడినోణ్ణే. ఆ మిగిలిన డబ్బు పాప్‌కార్న్‌కి పోయకు. నెలకి ఇన్ని సినిమాలు అని జీతం పడిన రోజే ఒక కవర్లో పక్కన పెట్టుకో, ఆ కవర్ అయిపోతే నెల అయిపోయినట్టే, అప్పు మాత్రం చేయకు, ఎంత ఇష్టమైన హీరో అయినా సరే.

ఇంకోటి, తెల్లారుజాము నాలుగింటి ఆటలు ఇక్కడ లేవు. 2023 జనవరిలో కోయంబేడు దగ్గర అట్టాంటి షోకి పోయిన కుర్రాడొకడు నిదానంగా పోతున్న లారీ ఎక్కి డాన్స్ చేసి దిగబోతూ పడి చనిపోయాడు. ఆ తర్వాత నుంచి ఎంత పెద్ద సినిమాకైనా మొదటి ఆట తొమ్మిదింటికే. మీ కుర్రాళ్ళంతా దీన్ని తిట్టుకుంటారని తెలుసు, నాకు మాత్రం ఇది సరైన పనే అనిపిస్తది. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్‌లో ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి పోయింది, కొడుకు నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. వాళ్ళూ మనలాగే సినిమా చూద్దామని బయల్దేరినోళ్ళే కదరా. హీరో వస్తున్నాడని తెలిస్తే ఆ షోకి పోవద్దు, పక్క షోకి పో. చిన్న పిల్లల్ని మొదటి రోజుకి తీసుకుపోదాం అని ఎవరన్నా అంటే నువ్వే గట్టిగా వద్దను.

తొమ్మిదిదాకా ఆగలేనోళ్ళు బైకులేసుకుని బోర్డర్ దాటి మన ఆంధ్రాలోని సూళ్ళూరుపేట పోతారు. అక్కడ హైవే పక్కన వి ఎపిక్ అనే థియేటర్ 2019లో మొదలైంది, తెర వెడల్పే వంద అడుగుల పైన. చూడాల్సిన తెరే, నేను కాదనను, నేనూ రెండుసార్లు పోయా. కానీ రాత్రి రెండింటికి లారీల మధ్యన ఎనభై కిలోమీటర్లు నిద్రమొహంతో బైక్ తోలడం ఏ సినిమాకీ పనికిరాదు. సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ స్టేషన్ నుంచి సూళ్ళూరుపేటకి లోకల్ ట్రైన్లున్నాయి, ఆదివారం అందులో రా, నేనూ వస్తా, కబుర్లు చెప్పుకుంటా పోదాం.

హాల్లో ఎక్కడ కూర్చోవాలంటే, తెర నుంచి మూడింట రెండొంతులు వెనక్కి, వరస మధ్యలో. సౌండ్ సరిగ్గా వినపడేది అక్కడే. మొదటి టైటిల్ పడకముందే సీట్లో ఉండు, చివరి పేరు పోయేదాకా లేవకు. ఫోన్ జేబులోనే ఉంచు. హీరో ఎంట్రీ వీడియో తీసి స్టేటస్ పెట్టడం అభిమానం కాదు, అది వాళ్ళ కష్టాన్ని ముక్కలు చేసి పంచిపెట్టడమే. పైగా 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం మార్చాక హాల్లో తెరని దొంగతనంగా రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ళ జైలు, జరిమానా మొదలయ్యేదే మూడు లక్షల దగ్గర. ఉద్యోగం వచ్చి రెండు నెలలు కాలేదు నీకు, జాగ్రత్త.

ఇప్పుడు అసలు విషయం. మొన్న పండక్కి ఇంటికొచ్చినప్పుడు చూశా, రాత్రి ఒంటిగంటదాకా ఫోన్లో ఎవరితోనో కలెక్షన్ల మీద కొట్లాడుతున్నావు. మా వాడిది రెండొందల కోట్లు, మీ వాడిది ఫేకు అని. ఆ సినిమాలో నీకు నచ్చిన సీన్ ఏంట్రా అని నేనడిగితే ఇంటర్వెల్ బ్యాంగ్ అన్నావు, ఇంకోటి చెప్పమంటే గుర్తు తెచ్చుకోలేకపోయావు. మూడుసార్లు చూశావంట దాన్ని. ఆ రోజు ఏమీ అనలేదు గానీ మనసులో ఉండిపోయింది.

ఈ కోట్ల లెక్క ఏంటో నీకు తెలుసా అసలు. టికెట్లు అమ్మగా వచ్చిన మొత్తం గ్రాస్. అందులో టాక్సులు పోతే నెట్. దాంట్లో థియేటర్ వాటా పోయాక డిస్ట్రిబ్యూటర్ చేతికొచ్చేది షేర్. పోస్టర్ మీద ఎక్కువగా వేసేది గ్రాసే, ఎందుకంటే అదే పెద్ద అంకె కాబట్టి. సినిమా లాభమా నష్టమా తేలాలంటే ఏ ఏరియా ఎంతకి అమ్మారు, ఓటీటీ హక్కులకి ఎంతొచ్చింది, వడ్డీ ఎంతయింది ఇవన్నీ తెలియాలి, అవి ఆ లెక్కలు రాసుకునే నలుగురికి తప్ప బయట ఎవరికీ తెలియవు. మన దగ్గర లేని కాగితం కోసం మనం తోటి మనిషిని తల్లీ చెల్లీ అని తిడుతున్నాం.

నేనూ ఆ పని చేసినోణ్ణే కాబట్టి చెప్తున్నా. అప్పట్లో కోట్లు కాదు, వందరోజులు. మా హీరో సినిమా ఒకటి కావలిలో ఎనభై రోజులు దాటేసరికి జనం తగ్గిపోయారు, అవతలి హీరో సినిమా అంతకుముందే అక్కడ వంద ఆడింది, ఇంక మా పరువు సమస్య. అభిమాన సంఘం వాళ్ళు లిస్టు పట్టుకుని తిరిగారు, నాకు అప్పుడు జీతం నాలుగొందలు, నేను నలభై ఇచ్చా. ఆ డబ్బుతో టికెట్లు మేమే కొని చింపేసేవాళ్ళం, డీసీఆర్‌లో, అంటే హాలువాళ్ళు రాసే రోజువారీ వసూళ్ళ లెక్కలో మాత్రం హాలు నిండినట్టు ఉండేది. సెలవుమీద ఊరెళ్ళినప్పుడు తొంభైమూడో రోజు మ్యాట్నీకి పోయా. లోపల పదకొండు మందిమి, లెక్కపెట్టా. అందులో నలుగురు ఎండకి తట్టుకోలేక వచ్చి బెంచీల మీద పడుకున్నోళ్ళు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఆ సినిమా అప్పటికి నేను ఆరుసార్లు చూశా రా. ఆరుసార్లూ ఈలలు, కాగితాలు, అరుపులు. ఆ మధ్యాహ్నం మొదటిసారి డైలాగులు మొత్తం వినపడ్డాయి. తల్లి పాత్ర వేసినావిడ కొడుక్కి అన్నం పెడుతూ ఒక్క మాటా మాట్లాడకుండా గిన్నె వంక చూస్తది, ఆ గిన్నెలో ఇంక అన్నం లేదు, ఆవిడ తినలేదని మనకి తెలియాలి, అంతే, అరనిమిషం కూడా ఉండదు. ఇట్టాంటి సీన్ ఉందని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు. అక్కడ కూర్చుని ఏడ్చా. సినిమా వందరోజులు ఆడింది, పోస్టర్ వేశారు, ఫంక్షన్ చేశారు, దేనికీ పోలేదు నేను. ఆ గిన్నె మాత్రం ఇప్పటికీ కళ్ళముందుంది.

అందుకే నీకు చెప్పేది, మొదటి రోజు పో, ఈల వెయ్యి, గొంతు పోయేదాకా కేకలెయ్యి, ఆ ఆనందం వేరు, వయసులో అది ఉండాలి. నచ్చితే రెండోవారంలో మంగళవారమో బుధవారమో మ్యాట్నీకి ఒక్కడివే ఇంకోసారి పో. ఖాళీ హాల్లో చూడు. రెండు ఆటల మధ్య రివ్యూలు చదవకు, ట్విట్టర్ తెరవకు. రూముకొచ్చి ఒక నోట్‌బుక్‌లో నాలుగు లైన్లు రాసుకో, నీకేం నచ్చింది, ఎవరు బాగా చేశారు, కెమెరా ఎవరు, ఎడిటింగ్ ఎవరు. హీరో పేరు తప్ప ఇంకో అయిదు పేర్లు రాయలేకపోతే ఆ సినిమా నువ్వు ఇంకా చూడలేదనే లెక్క. నా దగ్గర అట్టాంటి నోట్‌బుక్కులు పద్దెనిమిదున్నాయి, వచ్చినప్పుడు చూపిస్తా.

పేర్లు చదవమని ఎందుకంటున్నానంటే నువ్వొచ్చింది మామూలు ఊరు కాదు. వడపళనిలో మెట్రో దిగితే నెక్సస్ విజయా మాల్ కనపడుద్ది కదా, ఆ చోటంతా ఒకప్పుడు వాహినీ స్టూడియో, తర్వాత నాగిరెడ్డి చక్రపాణి గార్ల చేతికొచ్చి విజయ-వాహినీ. మీరు బర్గర్ తినే చోట మన పౌరాణికాల సెట్లు ఉండేవి. 1957లో వచ్చిన మాయాబజార్‌లో ఆ పడవ మీద వెన్నెల, అది నిజం వెన్నెల కాదు, మార్కస్ బార్ట్‌లీ అనే కెమెరామాన్ లైట్లతో పుట్టించిన వెన్నెల, పాటలో బయట తీసిన షాట్ పది సెకన్లు, అదీ ఇక్కడే ఎన్నూరులో. ద్వారక నగరం కనపడుద్ది చూడు, అది యాభై అడుగులకి అరవై అడుగుల జాగాలో బొమ్మరిళ్ళు కట్టి ప్రతి ఇంట్లో కరెంటు దీపం పెట్టి తీసింది. ఆ దీపాలకి వైర్లు లాగినోడు ఎవడో మనకి తెలియదు, ఆ రోజుల్లో అంతమంది పేర్లు తెర మీద వేసేవాళ్ళు కాదు. ఇప్పుడు వేస్తున్నారు, మనం లేచి పార్కింగ్‌కి పరిగెడుతున్నాం.

ఒక ఆదివారం టీ నగర్ తిప్పుతా నిన్ను. బజుల్లా రోడ్డులో రామారావుగారి ఇల్లు, తిరుపతి దర్శనం చేసుకున్న జనం బస్సుల్లో అక్కడికొచ్చి ఆయన్ని చూసి వెళ్ళేవాళ్ళు. హబీబుల్లా రోడ్డులో సావిత్రిగారుండేది. నుంగంబాక్కంలో బాలుగారి వీధికి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. ఇయ్యన్నీ కాళ్ళతో నడిచి చూడాల్సినవి.

తమిళ సినిమాలు కూడా చూడు. మల్టీప్లెక్సుల్లో చాలావాటికి కింద ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ వేస్తారు, ఆరు నెలల్లో నీకు వాటి అవసరమే ఉండదు, ఆఫీసులో కూడా పని తేలికవుద్ది. మన హీరో గొప్పా వాళ్ళ హీరో గొప్పా అనే మాట మాత్రం క్యాంటీన్‌లో ఎత్తకు. నీ టీమ్‌లో తమిళ కుర్రాడెవడన్నా ఉంటే వాడి హీరో సినిమాకి వాడితో పాటు మొదటి రోజు పో, వాడు ఎక్కడ లేచి అరుస్తాడో చూడు, నీ సినిమాకి వాణ్ణి తీసుకురా. నాకు ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా ఉన్న స్నేహితుడు అట్టా దొరికినోడే. పాలాభిషేకాలు, టపాకాయలు నీ ఇష్టం అనను, వద్దంటున్నా. ఆ పాల ప్యాకెట్లు పక్క వీధి పిల్లలకివ్వు.

ఆఫీసుకి అబద్ధం చెప్పి షోకి పోవద్దు. శుక్రవారం సెలవు కావాలంటే సినిమాకనే చెప్పి ముందే పెట్టుకో, ఇక్కడ మేనేజర్లు కూడా మొదటి రోజు షోలకి పోయేవాళ్ళే, అర్థం చేసుకుంటారు.

చివరిగా మీ అమ్మ. పెళ్ళికి ముందు నన్ను చెయ్యి పట్టుకుని నేల టికెట్‌కి తీసుకెళ్ళింది అక్కే, నాకీ పిచ్చి అంటించింది ఆవిడే, నువ్వడిగితే ఒప్పుకోదు. మీ నాన్న పోయాక హాలు గడప తొక్కలేదు. వచ్చే నెల నిన్ను చూడ్డానికి వస్తానంటోంది, అప్పుడు పెద్ద సినిమా ఏదీ లేకపోయినా పర్లేదు, ఏదో ఒకటి మ్యాట్నీకి మూడు టికెట్లు తియ్యి, మధ్య వరసలో, మోకాళ్ళ నొప్పి కాబట్టి మెట్లు తక్కువుండే వైపు చివరి సీటు ఆవిడకి. డబ్బు నీ కవర్లోంచే పెట్టు. ఏ హాలో, ఎన్నింటికో ముందురోజే నాకు మెసేజ్ చెయ్యి, నేను గేటు దగ్గరుంటా.

మీ మామ