సంతకానికేనా మేము?

ప్రశ్న: సార్, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా పాప చదివే గవర్నమెంట్ స్కూల్లో నన్ను కమిటీ మెంబర్ చేసినారు, మీటింగ్ లేదు ఏం లేదు, రిజిస్టర్ ఇంటికే పంపించి సంతకం పెట్టమంటారు. మాకేమన్నా పవర్ ఉందా, ఉత్త బొమ్మలమేనా?
– ఒక తల్లి, అనంతపురం జిల్లా

జవాబు: ఉందమ్మా, బాగానే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఈ స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాల. వచ్చిన గ్రాంట్ దేనికి ఖర్చయిందో చూసేది, స్కూల్ అభివృద్ధి ప్లాన్ తయారు చేసేది కమిటీ పనే, హెడ్మాస్టర్ గారి ఒక్కరిదే కాదు. కాబట్టి చదవకుండా సంతకం పెట్టొద్దు, తీర్మానం చదివి వినిపించమనండి, బిల్లులు చూపించమనండి, స్కూల్‌కి పోయేటప్పుడు ఇంకో ఇద్దరు తల్లుల్ని వెంటబెట్టుకుని పోండి, ఒక్కరే పోతే "నీకేం తెలుసులేమ్మా" అని పంపించేస్తారు.